పన్నెకు మించిన గుడ్డ

నాకు ముక్కుమీద కోపం. ధర్మవరం హైస్కూల్లో పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఇప్పటికీ నా చెప్పుల చప్పుడు వినిపిస్తే వరండా చివరి తరగతి దాకా గొంతులు తగ్గిపోతాయి. అడిగినదానికి "తెలీదు" అనడం, చేసినదానికి "తప్పయింది" అనడం నాకు చేతకాని పనులు. అలాంటి ఈ కృపాకుమారి చేత ఒకే పూటలో రెండూ అనిపించిన మనిషి ఒక్కతే ఉంది. పేరు రామక్క. పట్టుచీరలు నేస్తుంది. బడి మొహం అయిదో తరగతి దాకా చూసింది.

ముందు ఆమె భర్త ఆదెన్న సంగతి చెప్పాలి. ఒక గ్రహణం రోజు స్కూల్లో పిల్లలకు టెలిస్కోపు చూపిస్తుంటే, దారిన పోతున్న ఆదెన్న లోపలికి వచ్చి వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కన్ను పెట్టినవాడు ఎంతకీ తియ్యలేదు. వెనక పిల్లలు గోల చేస్తే నేనే కసిరి పంపించాను. వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి, చేతిసంచిలోంచి పళ్లెమంత గాజుబిళ్ల తీసి బల్లమీద పెట్టాడు.

"మేడమ్, దీన్ని అద్దం చేస్తాను. ఎట్ల చేయాల్నో మీరు చెప్పండి" అన్నాడు.

టెలిస్కోపు అద్దం చేత్తో చెయ్యడమంటే మాటలు కాదు. ఒక గాజుమీద ఇంకో గాజు పెట్టి, మధ్యలో గరుకుపొడి వేసి, నీళ్లు చల్లి, చుట్టూ తిరుగుతూ రుద్దాలి. రోజూ రుద్దాలి. ఇసుక రేణువొకటి దూరి గీత పడితే మళ్లీ మొదటికి రావాలి. నెల తిరక్కుండా పారిపోతాడనుకున్నాను. మూడేళ్లు రుద్దాడు. నేను పుస్తకం చూసి పరీక్షలు పెట్టడం, తప్పిందంటే ఆయన నోరెత్తకుండా మళ్లీ రుద్దడం. చివరికి బెంగళూరు పంపి పూత వేయించి, రేకుగొట్టంలో బిగించి, ఒక సాయంత్రం గురుగ్రహం చూపించాడు. దాని ఒంటిమీది పట్టీలు విడివిడిగా కనిపించాయి. ఆనాడు ఆయన్ని కసిరినదాన్ని, పదినిమిషాలు నేనే కన్ను తియ్యలేదు. ఎనిమిదంగుళాల ఆ అద్దం కంపెనీల అద్దాలకు ఎందులోనూ తీసిపోదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఈ మూడేళ్లూ మగ్గం ఏమైంది? రెండు పక్కలా పెద్ద అంచున్న చీర నెయ్యాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఆదెన్న గాజు చుట్టూ తిరుగుతుంటే రామక్క ఒక్కతే కూర్చుంది. అంచు చీరలు మాని, ఒంటిమనిషి నేయగల చిన్న చీరలే నేసింది. ఒక్కమాట కూడా గట్టిగా అనలేదు. అయితే ఆ టెలిస్కోపులో కన్ను కూడా పెట్టలేదు. ఆదెన్న బతిమాలితే, "పనుండాది" అనేది. చుట్టుపక్కల వీధులవాళ్లంతా వచ్చి చూసిపోయారు, ఆమె తప్ప. ఆదెన్నకు ఊరంతా మెచ్చుకున్నా ఒకటే, మెచ్చుకోకపోయినా ఒకటే. ఆయనకు కావలసింది ఇంట్లో ఉంది, అది దొరకడం లేదు.

ఇంతలో కెమెరా వచ్చింది.

ఆకాశాన్ని ఫోటోలు తీసేవాళ్ల సంఘమొకటి బెంగళూరులో ఉంది. వాళ్ల దగ్గర పెద్ద సెన్సరున్న కెమెరా ఒకటి ఊరూరూ తిరుగుతుంటుంది. ఫోన్లో ఉండే సెన్సరు కందిగింజంత. ఈ కెమెరాలోది దాదాపు అగ్గిపెట్టెంత, ముప్పయ్యారు మిల్లీమీటర్ల వెడల్పు, ఇరవైనాలుగు ఎత్తు. మా స్కూలు ఖగోళ సంఘానికి రెండు అమావాస్యల గడువిచ్చారు. రెండో అమావాస్య అయ్యేలోగా ఒక్క ఫోటో పంపాలి. కత్తిరించకూడదు. నాలుగు మూలలా నక్షత్రాలు గుండ్రంగా ఉంటే కెమెరా ఏడాదిపాటు మా దగ్గరే ఉంటుంది. లేకపోతే వేరే ఊరు పోతుంది.

ఆదెన్న మొహం వెలిగిపోయింది. "మేడమ్, నా అద్దంతో పటం తీద్దాం. మగ్గానికి ఎదురుగా గోడకు తగిలిస్తా. గొట్టంలో చూడదు సరే, గోడను చూడకుండా యాడికి పోతాది?"

"పెద్ద అద్దం, పెద్ద కెమెరా. గంతకు తగ్గ బొంత. బ్రహ్మాండంగా కుదురుతాది ఆదెన్నా" అన్నాను. లెక్క కట్టే చెప్పాను. సెన్సరుమీది పిక్సెల్ చుక్క ఎంత చిన్నది, టెలిస్కోపు పొడవెంత, ఒక నక్షత్రం ఎన్ని చుక్కలమీద పడుతుంది, అన్నీ చూశాను. అన్నీ కుదిరాయి. చూడనిది ఒక్కటే. అద్దం పంపే వెలుగు కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఎంత వెడల్పున పరుచుకుంటుందన్నది. ఇన్నాళ్లూ కందిగింజంత సెన్సర్లతో తీసినదాన్ని, ఆ ప్రశ్న ఎప్పుడూ ఎదురు కాలేదు.

మొదటి అమావాస్యకు బెళుగుప్ప పక్కన రామక్క తమ్ముడు నల్లప్ప చేలో దిగాం. వేరుశనగ పీకేసిన చేను, చుట్టూ దీపమన్నది లేదు. నా మోటారు స్టాండుమీద ఆదెన్న టెలిస్కోపు ఎక్కించి, ఆండ్రోమెడా గెలాక్సీ వైపు తిప్పి, అరవై ఫోటోలు తీశాం. వాటిని కలిపి ఒకే ఫోటోగా చేసే పని ఇంట్లో కంప్యూటరుమీద ఉంటుంది. మర్నాడు తలుపేసుకుని కూర్చుని ఆ పని చేశాను.

ఫోటో తెరమీదికి వచ్చింది. మధ్యలో ముత్యమంత శుభ్రంగా ఉంది. మూలలకు పోయేకొద్దీ మసక, ఆ తర్వాత చీకటి. మూలల్లో నక్షత్రాలు గుండ్రంగా లేవు, ఒక్కోదానికి తోక మొలిచింది.

ఆదెన్నకు ఫోన్ చేసి, "నా లెక్క తప్పింది" అంటే సరిపోయేది. అనలేదు. ఆయన మనసు నొచ్చుకుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు, కుదురుతుందని చెప్పింది నేను. నోరు జారాక వెనక్కి తీసుకునే అలవాటు లేదు నాకు. కంప్యూటర్లో చుట్టూ కత్తిరించేశాను. గెలాక్సీ కొంచెం కుడివైపుకు జరిగి పడింది కాబట్టి దాన్ని మధ్యకు తెచ్చేలా కత్తిరించి, స్టూడియోలో పెద్ద సైజు ప్రింటు వేయించి, ఆదెన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది.

ఆదివారం పొద్దున రమ్మని కబురు పెడితే వెళ్లాను. ఫోటోకు అద్దాల ఫ్రేము కట్టించి, అన్నట్టే మగ్గానికి ఎదురుగా తగిలించాడు. రామక్క మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. నేను టీ తాగుతున్నాను. ఆదెన్న నిలబడలేక, కూర్చోలేక, గుమ్మానికీ గోడకీ మధ్య తిరుగుతున్నాడు. చాలాసేపటికి రామక్క అడ్డపోగు విసిరే నాడె పక్కన పెట్టి, లేచి, చేతులు తుడుచుకుని ఫోటో ముందుకొచ్చింది.

ధర్మవరంలో చీర తెలిసినవాళ్లెవరూ ముందు చీర ఒంటిని చూడరు. అంచు చూస్తారు, తర్వాత కొంగు చూస్తారు, ఆ తర్వాతే మిగతాది. రామక్క కూడా మధ్యలో ధగధగలాడుతున్న గెలాక్సీని చూడనే లేదు. ఎడమ అంచు వెంట కిందినుంచి పైకి చూసింది. కుడి అంచు వెంట పైనుంచి కిందికి చూసింది. పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి మళ్లీ చూసింది.

"ఇది కోసిన గుడ్డ" అంది.

ఆదెన్న నవ్వాడు. "గుడ్డ యాడిదే? పటం కదా."

"ఏదైతేనేమప్పా. కుడిపక్క చుక్కలకి తోకలుండాయి, ఎడంపక్క లేవు. కుడిపక్క మసక, ఎడంపక్క వెలుతురు. మగ్గం మీదనుంచి దిగిన గుడ్డ రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటాది. ఇది అట్లా లేదు. ఎవరో కత్తెర పెట్టినారు." నా వైపు తిరిగింది. "ఏం టీచరమ్మా, మిగిలిన గుడ్డ యాడ పెట్టినావు?"

డెబ్భైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదాన్ని, టీగ్లాసు వెనక మొహం దాచుకున్నాను. మా స్కూల్లో పుస్తకాలు చదివినవాళ్లు, సర్టిఫికెట్లున్నవాళ్లు ఆ ప్రింటు చూసి ఆహా అన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఈమె టెలిస్కోపులో కన్నే పెట్టలేదు, గెలాక్సీ అంటే ఏమిటో అడగలేదు, అయినా రెండు నిమిషాల్లో నా దొంగతనం పట్టేసింది. సిగ్గుతో పాటు, చెప్పడానికి వింతగా ఉంది గానీ, ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

"తప్పయింది" అన్నాను. ఆ మాట నా నోట రావడానికి ఎంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు. ల్యాప్‌టాప్ తీసి కత్తిరించని ఫోటో చూపించాను.

ఆదెన్న నాలుగు మూలలూ చూశాడు. అరవలేదు, అలగలేదు. గోడమీది ఫ్రేము దించి, మొహం గోడవైపు తిప్పి కింద పెట్టాడు. "నా అద్దంలో ఏముండాది తప్పు?" అని మాత్రం అడిగాడు.

"అద్దంలో తప్పు లేదు ఆదెన్నా."

"మళ్లా యాడుండాది?"

"నాకు సరిగ్గా తెలీదు" అన్నాను. అదీ ఆ రోజే అన్నాను.

రామక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆ కెమెరా లోపల చుక్కలు పడే పలక ఎంత ఉండాది?" అని అడిగింది. చెప్పాను. చీర డిజైన్లు గీసుకునే గళ్లకాగితం ముక్క తీసి, దానిమీద స్కేలు పెట్టి సరిగ్గా అంత చట్రం గీసింది. "పగలు మీ గొట్టంలో వెలుతురు వస్తాదా?"

"సూర్యుడివైపు తిప్పకుండా ఉంటే వస్తాది. ఆకాశం తెలుపంతా వస్తాది" అన్నాను.

"అయితే పెరట్లోకి తెండి."

తెచ్చాం. సూర్యుడికి ఎదురుదిక్కున తెల్లటి ఆకాశంవైపు గొట్టం తిప్పాం. కెమెరా బిగించే చోట ఆ కాగితం అడ్డం పెట్టి, తలమీద నల్లదుప్పటి కప్పుకుని వంగింది రామక్క. "రాండి, చూడండి" అంది లోపలినుంచి. నేనూ దుప్పట్లో దూరాను. కాగితంమీద వెలుగు గుండ్రంగా పడింది, రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దది. ఆమె గీసిన చట్రం మధ్యభాగం ఆ వెలుగులో ఉంది. నాలుగు మూలలూ చీకట్లో ఉన్నాయి.

తలుపేసుకుని కూర్చుని నేను దాచిపెట్టింది అంతా అక్కడుంది, అరచేతిలో పట్టేంత కాగితంమీద.

"పన్నెకు మించిన గుడ్డ ఎట్లా వస్తాదప్పా?" అంది రామక్క దుప్పటి తీస్తూ. పన్నె అంటే మగ్గంలో పోగులన్నీ దూరే దువ్వెన. దాని వెడల్పెంతో గుడ్డ వెడల్పు అంతే, ఒక్క వేలు కూడా పెరగదు. "నీ గొట్టం నలభై అంగుళాల పన్నె. ఆ కెమెరా యాభై అంగుళాల గుడ్డ అడుగుతాది. పక్కల్లో పోగులు లేకుండా ఏం నేస్తావు? అద్దం మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట."

కెమెరా బిగించే చోట ఆదెన్న వాడింది సన్నటి ఇత్తడి గొట్టం. అక్కడే వెలుగు ఇరుక్కుంటోంది. "గొట్టం మారుస్తా, వారంలో మారుస్తా" అన్నాడు. నేను అప్పటికి బుద్ధి తెచ్చుకున్నాను కాబట్టి నిజమే చెప్పాను. గొట్టం వెడల్పు చేస్తే వెలుగు పెరుగుతుంది, దాన్ని మళ్లించే చిన్న అద్దాన్ని కూడా పెద్దది చెయ్యాలి. అంతా చేసినా నక్షత్రాల తోకలు పోవు. ఈ రకం అద్దానికి నడిమధ్యలోనే చూపు నిక్కచ్చిగా ఉంటుంది, అంచుల్లో తోకలు రావడం దాని పుట్టుక. వాటిని సరిచేసే లెన్సొకటి ఉంది, తెప్పించాలంటే రెండు నెలలు. అమావాస్య పన్నెండు రోజుల్లో ఉంది.

"ఇంకో దారి లేదా?" అంది రామక్క.

ఉంది. నా బీరువాలోనే ఉంది. ఎనభై మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోపు. మూరెడు పొడవుంటుంది, దానికి అంచులు సరిచేసే లెన్సు కూడా ఉంది. ఆదెన్న దాన్నెప్పుడూ ఊదుగొట్టం అని వెక్కిరించేవాడు. పొయ్యి ఊదుకోవడానికి పనికొస్తుంది మేడమ్ అనేవాడు. ఆ పేరు ఎత్తగానే లేచి నిలబడ్డాడు.

"మూడేండ్లు రుద్దినాను. దాని ముందర ఊదుగొట్టం పెట్టమంటారా? కెమెరా పోతే పోనీ" అని పెరట్లోంచి వెళ్లిపోయాడు. రామక్క ఆపలేదు. నేనూ ఆపలేదు, ఆపే మొహం నాకెక్కడిది?

నాలుగో రోజు సాయంత్రం మా ఇంటి ముందు బండి ఆగింది. ఆదెన్న. చేతిలో గళ్లకాగితం, అదే కాగితం.

"ఊదుగొట్టం తీయండి మేడమ్" అన్నాడు.

తీశాను. మేడమీద, పొద్దు వాలకముందు, ఆయనే కాగితం పట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు. చట్రం నాలుగు మూలలా వెలుగు నిండింది. మూలలు దాటి కూడా ఉంది. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. దుప్పట్లోంచి బయటికి వచ్చినప్పుడు మొహం చెమటతో తడిసింది.

"మా ఇంటామె ఒక మాట అనింది. ఈ నాలుగు దినాలు అదే చెవుల్లో మోగుతాంది" అన్నాడు. "చిన్న పన్నె మీద మంచి గుడ్డ నేసేటోడు పెద్ద గుడ్డ నేయలేదని ఏడవడు, అనింది. సరే. ఈ కెమెరాకు ఇదే పన్నె. నాది కాదు."

నా ఎరికలో పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు, తాము చేసిన వస్తువు ఒక పనికి సరిపోదని వాళ్ల నోట నేనెప్పుడూ వినలేదు. నేను సరేసరి. మూడేళ్ల చాకిరిని పక్కన పెట్టి ఆ మాట అన్న మనిషి ముందు నాకు కుర్చీలో కూర్చోవాలనిపించలేదు, లేచి నిలబడ్డాను. ఆయనకేమీ అర్థం కాలేదు. "పోతాండారా యాడికన్నా?" అని అడిగాడు.

అమావాస్యకు ముందురోజు మళ్లీ నల్లప్ప చేలో దిగాం. ఈసారి రామక్క కూడా వచ్చింది. పుట్టిల్లు కదా, తమ్ముడి ఇంట్లో భోజనం చేసి, చీకటి పడేసరికి చేలోకి వచ్చి గోనెసంచి పరుచుకుని కూర్చుంది. నల్లప్ప బండిమీద ఆదెన్న టెలిస్కోపు కూడా ఉండడం చూసి నేను ఆశ్చర్యపోయాను. దాన్ని ఎత్తించింది రామక్కేనట. ఎందుకని ఆదెన్న అడగలేదు, నేనూ అడగలేదు.

స్టాండుమీద చిన్న టెలిస్కోపు పెట్టి, కెమెరా బిగించి, పరీక్షకు ఒక ఫోటో తీశాం. గెలాక్సీ మొత్తం పట్టింది, రెండు కొసలూ బయటికి పోకుండా. వెలుగు నాలుగు మూలలా సమంగా ఉంది. నక్షత్రాలు మాత్రం మూలల్లో బయటివైపుకు సాగాయి. నాకు కారణం తెలుసు. అంచులు సరిచేసే లెన్సుకూ సెన్సరుకూ మధ్య ఇంత దూరమని ఉంటుంది, ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా మూలలు చెడతాయి. ఆ దూరం నింపడానికి నా దగ్గరున్న ఇనుపకడియాలన్నీ పెట్టినా రెండు మిల్లీమీటర్లకు పైగా తక్కువ పడింది. చీకట్లో, బెళుగుప్ప చేలో, సన్నటి కడియాలు ఎక్కడినుంచి తేను? చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు విసిరికొట్టాను. నల్లప్ప జడుసుకున్నాడు.

ఆదెన్న టార్చి వేసి స్క్రూడ్రైవరు వెతికి తెచ్చాడు. "ఎంత మందం కావాల?" అన్నాడు. చెప్పాను. జేబులోంచి అట్టముక్కలు కొన్ని తీశాడు. జకార్డ్ మగ్గానికి డిజైను చిల్లులు కొట్టే అట్టలు, ఇంకా చిల్లులు పడనివి. నేతగాళ్ల జేబుల్లో అవి ఎప్పుడూ ఉంటాయి, లెక్కలు రాసుకోవడానికి, పళ్లు కుట్టుకోవడానికి. "ఒక్కోటి అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. మందం ఎప్పుడూ మారదు, మారితే మగ్గం పట్టదు" అంటూ పోగులు కోసే చంద్రవంక కత్తితో గుండ్రంగా కోసి, మధ్యలో వెలుగు పోయేంత తీసేసి, లెన్సుకూ కెమెరాకూ మధ్య ఒక రింగు పెట్టాడు.

ఫోటో తీశాం. రామక్క ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. నేను జూమ్ చేసి చూపించబోతే నా చెయ్యి పక్కకు నెట్టి, భూతద్దం తీసి తెరమీదే పెట్టింది. నాకు నవ్వొచ్చింది, అణచుకున్నాను. "ఇంకా ఈడుస్తాంది. ఇంకోటి పెట్టు" అంది.

రెండో రింగు. "ఇంకోటి." మూడో రింగు. "తగ్గింది. ఇంకోటి." ఆమె నాలుగు మూలలూ చూస్తుంది, ఆయన కోస్తాడు, నేను ఫోటో తీస్తాను. అయిదోదానికి ఆమె ఇంకా మూలలు చూస్తూనే ఉంది. ఆదెన్న ఆరోది కూడా పెట్టాడు. "ఊహూ. ఇప్పుడు పక్కకు తిరిగినాయి, దాటిపోయినావు. ఒకటి తీయి" అంది. తీసి చూస్తే నాలుగు మూలలా నక్షత్రాలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. పుస్తకంలో ఈ పనికి నాలుగు పేజీలున్నాయి. వీళ్లిద్దరూ ఒక్కమాట ఎక్కువ లేకుండా, మగ్గం దగ్గర చెరో పక్కన కూర్చున్నట్టే, ముప్పావుగంటలో ముగించారు.

మిగతా సంగతి తొందరగా చెప్పేస్తాను. ఫోటో పంపిన మూడోరోజు బెంగళూరు సంఘంలో ఫోటోలు చూసే జయచంద్ర గారు ఫోన్ చేశారు. మూలలు ఇంత శుభ్రంగా తమ సొంత ఫోటోల్లో కూడా లేవని, మధ్యలో ఏ కంపెనీ కడియాలు వాడారని అడిగారు. ధర్మవరం జకార్డ్ అట్టలు అయిదు, అన్నాను. కెమెరా ఏడాదిపాటు మా దగ్గర ఉంటుంది. ఫోటో తీసినవారు అన్న చోట నేను ఆదెన్న, రామక్క అని రాశాను. నా పేరు రాసుకోలేదు. అది వినయమనుకోకండి, వినయం నాకు లేదు. అది నిజం.

నేను చెప్పాలనుకున్నది చేలో ఆ రాత్రి సంగతి. అయిదో రింగు బిగించి, కెమెరాకు రెండు గంటల పని అప్పజెప్పాక, మాకు చెయ్యడానికేమీ లేదు. మోటారు సన్నగా గుర్రుమంటోంది. నల్లప్ప ఇంటికి పోయాడు. ఆదెన్న తన టెలిస్కోపును బండిమీదనుంచి దించి చెక్కపీటమీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గొట్టం తుడుస్తున్నాడు. రామక్క గోనెసంచి మీదనుంచి లేచింది.

"నీ దాంట్లో ఏముండాది, చూపీ" అంది.

ఆదెన్న చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. తర్వాత గబగబా గొట్టాన్ని దక్షిణం వైపు తిప్పాడు, శనిగ్రహం వైపు. వెతకడానికి ఎప్పుడూ నిమిషం పట్టని మనిషికి అయిదు నిమిషాలు పట్టింది. నేను దూరంగా జరిగాను గానీ, నిజం చెప్పాలంటే చెవులు అక్కడే పెట్టాను.

రామక్క కొంగు బొడ్లో దోపుకుని వంగి కన్ను పెట్టింది. ఈ ఏడు శని వలయం బాగా సన్నబడింది, పక్కనుంచి జరీపోగు గుచ్చినట్టు కనపడుతుంది. ఆదెన్న పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పక్కకు పోతాంది" అంది.

భూమి తిరుగుతోంది కాబట్టి పోతుంది. ఆ పీటకు మోటారు లేదు. ఆదెన్న వచ్చి రెండు వేళ్లతో గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపి, శనిని మళ్లీ నడిమధ్యకు తెచ్చాడు.

"మళ్లా పోతాంది." ఆయన మళ్లీ జరిపాడు. అలా ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు నేను. ఆమె కన్ను తియ్యలేదు, ఆయన వేళ్లు తియ్యలేదు.

"ఎంత నిక్కచ్చిగా ఉండాదబ్బా" అంది ఎంతోసేపటికి. "మూడేండ్లు ఆ మగ్గం కాడ ఒక్కదాన్నే కూసున్నా. ఎందుకు కూసున్నానో ఈ పొద్దు తెలిసింది."

ఆదెన్న ఏడ్చేశాడు. చిన్నగా కాదు, భుజాలు అదిరేలా. గొట్టంమీద వేళ్లు మాత్రం అట్లాగే ఉంచాడు.

"ఏడిస్తే ఏడువుగానీ, పక్కకు పోతాంది చూడు, జరుపు" అంది రామక్క, కన్ను గొట్టం దగ్గరే ఉంచి.